లైను చివరి ఇల్లు

కరెంటోని ఇల్లు అనేటోళ్లు అందరు.
ఊరందరికన్న మసకగ వెలిగే బల్బు మాదే.

పరకాల దాటి ఎనిమిది కిలోమీటర్లు పోయినంక
ఆఖరి స్తంభానికి ఒరిగి నిలబడ్డట్టుండేది
ఆ గూనపెంకల ఇల్లు.
వోల్టేజీ అక్కడిదాక నడిచి నడిచి
అలిసిపోయి వచ్చేది.
గుమ్మి పక్కన ముడుసుకున్న ముసలిపిల్లి లెక్క
ఒక్క కన్ను తెరిచి చూసేది
నలభై క్యాండిల్ బల్బు.

కిరాయి అరవై రూపాయలు.
బుచ్చవ్వ పైసలు లెక్కపెట్టకపోయేది.
ఆమె లెక్కంత పెంకల మీదనే.
మిరుగం ముంగట నిచ్చెన వేయించి
కింద నిలబడి కట్టెతోని చూపెట్టుకుంట
"ఆడొకటి పలిగింది, గీడ కోతి జరిపింది,
ఊరి స్తంభాలన్ని ఎక్కుతవు,
నా ఇల్లొక్కటి బరువైందా కొడుకా" అనేది.

ఎంత సదిరినా ఒక్క సందు మిగిలేది.
పొద్దున అందులకెళ్లి
రూపాయిబిళ్లంత ఎండ దిగి
గోడమీది జాజుగీత వెంబడి మెల్లగ నడిచేది.
అనసూర్య పసుపుడబ్బా కాడికి అదొచ్చిందంటే
నేను సైకిల్ తియ్యాలె.
చేతికి గడియారం కట్టింది ఆ ఇల్లు విడిచినంకనే.

వానకాలం అదే సందు కింద ఇత్తడి గంజు పెట్టేది.
ఆ టపటపలకే మా చిన్నది నిద్రపోయేది.
వాన ఆగితే లేసి ఏడ్చేది.

రాత్రి పదకొండుకు పొలాలకు త్రీఫేజు.
ఫ్యూజు పోయిందంటే దర్వాజ గొలుసు మోగుడే.
మోగే తీరును పట్టి, కండ్లు తెరవకుంటనే
ఎవరో చెప్పేది అనసూర్య.
రెండుసార్లు, ఆగి ఆగి - మొగిలయ్య, మొగమాటం మనిషి.
ఆపకుండ గుంజితె ఓదెలు, మడి నెర్రెలు వారింది.
ఒక్కసారి కొట్టి దగ్గితే వీరాసామి.
ఆయనకు మోటరు లేదు, బాయి లేదు.
నిద్ర పట్టక ముచ్చటకొచ్చిండు.

తెల్లారి చూస్తే గడంచె మీద
ఎవరు పెట్టిండ్రో తెల్వది,
మక్కకంకులు నాలుగు, ఆకులో చుట్టిన జెల్లలు,
ఒకపారి అయితే బతికున్న కోడిపిల్ల, కాలికి దారంతోని.
సర్కారు జీతం నెలకొక్కసారే వచ్చేది.

కరెంటు మొత్తానికే పోయిన రాత్రులు
నన్ను తిట్టాల్సినోళ్లు
మా వాకిట్లకే వచ్చి కూసునేటోళ్లు.
దీగూట్లో దీపం పెట్టి
గిన్నెల బబ్బెర గుడాలు పట్టుకొచ్చి బుచ్చవ్వ
"ఇయ్యాల్టికి నీ కరెంటు నువ్వే దాసిపెట్టుకో,
జర చుక్కలను అగుపడనియ్యి" అనేది.
అందరం నవ్వేది. నేను గూడ.
చేతికి ఇంక రబ్బరు తొడుగుల వాసనే ఉండేది.

ఇప్పుడు హన్మకొండల నాలుగో అంతస్తు.
కరెంటు ఎప్పుడు పోతదో, ఎప్పుడొస్తదో
తిరిగే ఫ్యానుకే తెల్వది, ఇన్వర్టరున్నది.
స్లాబుకు సందు లేదు.
ఏడు కొట్టిందని ఫోను చెప్తది.

మొన్న ఓదెలు కొడుకు కలిసిండు బస్టాండుల.
ఇల్లు తీసేసిండ్రట, అక్కడ పత్తి గోదామట.
దానికి సొంతం ట్రాన్స్‌ఫార్మరట,
వోల్టేజీ మస్తుగున్నదట.
సంతోషం అన్న.
ముప్పై ఏండ్లు లైన్‌మన్ని, ఇంకేమంట?

కని ఐతారం రాత్రి, పదకొండు దాటినంక,
అప్పుడప్పుడు నేనే లేసి
మెయిన్ స్విచ్చి కిందికి గుంజి, ఇన్వర్టర్ గూడ ఆపి
బాల్కనీల కూసుంట.
ఎదురు బిల్డింగుల లైట్లు ఎట్లైనా పడుతయి మీద,
చుక్కలు రెండో మూడో.
అనసూర్య ఎందుకని అడగది.
నిన్న మాత్రం
తలుపు గడియను ఒక్కసారి ఆడించి
చీకట్ల నిలబడి
దగ్గింది.

నేను చాప మీద
జరంత జరిగిన.